సాయంత్రం ఆరున్నర: డోర్నకల్ పక్క ఊళ్ళో ఆరు రోజులు

గురువారం

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వరంగల్ దాకా కాలు పెట్టే చోటు లేదు. మహబూబాబాద్‌లో సగం బండి ఖాళీ అయింది. గార్ల వచ్చేసరికి కిటికీలోంచి మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. పట్టాలకు అటూ ఇటూ కళ్ళాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చిలో ఈ దారంతా ఇదే రంగు.

డోర్నకల్ జంక్షన్‌లో మా పిన్ని కూతురు ఆటో మాట్లాడి పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆమె భర్త ఇక్కడికి దగ్గర్లోని ఒక ఊళ్ళో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి అయ్యగారు, అంటే పాస్టరు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయొద్దని వాళ్ళు అడిగారు, నేను సరేనన్నాను.

నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుని. అయితే నన్ను పిలిచింది అందుక్కాదు. "అక్కా, తాగుడు మానేవాళ్ళ కోసం మేం పెట్టే గురువారం కూటానికి ఒకసారి రా. తమ్ముడి సంగతి వాళ్ళకు చెప్పు" అని చెల్లి రెండేళ్ళుగా అడుగుతోంది. నాకే ధైర్యం చాలలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాక, ఈసారి వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళనేమో అనిపించి సెలవు పెట్టాను.

కూటం గుడి లోపల పెట్టరు, వసారాలో పెడతారు. లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్ళు ఉంటారని అయ్యగారి ఆలోచన. నాలుగు చాపలు, ఒక ట్యూబులైటు, పెద్ద గిన్నెలో అల్లం టీ. పద్నాలుగు మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. సరిగ్గా ఆరున్నరకు పాట ఎత్తుకున్నారు. ఆరున్నరే ఎందుకని అడిగితే పక్కనే కూర్చున్న సంఘ పెద్ద చెప్పాడు: "పని దిగి స్నానం చేసి కాళ్ళు బెల్టు షాపు దిక్కు లాగే టైం అదేనమ్మా. దాన్ని మేం ఆరున్నర గండం అంటాం. ఆ గంట గడిస్తే ఆ రోజు గడిచినట్టే."

పాట, ఒక కీర్తన, చిన్న ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి తాము మానేసి ఎన్ని రోజులైందో చెప్పారు. 412. 96. 31. ఒకాయన 1,020 అన్నాడు. ఒక కుర్రాడు తల వంచుకుని "నాది మళ్ళీ ఒకటి నుంచి" అన్నాడు. ఎవరూ తిట్టలేదు, జాలీ పడలేదు. టీ గ్లాసు ముందుగా అతనికే ఇచ్చారు.

ఈ పద్ధతి అయ్యగారు సొంతంగా కనిపెట్టింది కాదు. హైదరాబాద్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ కూటాలకు వెళ్ళి కూర్చుని నేర్చుకున్నారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు పట్టుకుని నిలబడడంతో మొదలైన సంగతి అది. వాళ్ళలో ఒకాయన డాక్టరే. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంలో తప్పులు దాచకుండా పదిమంది ముందు ఒప్పుకునే అలవాటు ఉండేది, వాళ్ళు దాన్ని అక్కడినుంచే తెచ్చుకున్నారు. ఇంకా ముందు, 1877లోనే, జెనీవాలో లూయీ లూసియన్ రోషా అనే పాస్టరు తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం బ్లూక్రాస్ స్థాపించారు. ఇవన్నీ చెప్పి అయ్యగారు అన్న మాట నాకు నచ్చింది: "మానేసినవాడి మాట తాగేవాడు వింటాడు వదినగారూ. అయ్యగారి మాట వినడు."

తర్వాత నన్ను మాట్లాడమన్నారు.

మా తమ్ముడు పోయి పదకొండేళ్ళయింది. అప్పటికి వాడికి ముప్పై ఎనిమిది. వాడి చేత తాగుడు మాన్పిస్తామన్న ఒక ప్రార్థన స్థలానికి మరదలు వాణ్ణి తీసుకెళ్ళింది. నేను డ్యూటీలో ఉన్నాను, రెండు రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. అక్కడ వాణ్ణి గదిలో ఉంచి ఉపవాసం పెట్టారు. చేతులు వణికితే దయ్యం బయటికి పోతోందన్నారు. గోడ మీద ఏవో పాకుతున్నాయని వాడు అరిస్తే ఇంకా గట్టిగా ప్రార్థన చేశారు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఏడుస్తూనే ప్రార్థన చేశారు. కానీ వాళ్ళకు తెలియదు. ఆ తెలియకపోవడానికి వెల మా తమ్ముడు కట్టాడు. ఈ మాటలు చెప్పి కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కూటం అయ్యాక ఒకాయన వెనకే నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి, మిరప బస్తాలు మోసే కూలీ. మొదటిసారి వచ్చాడట. "ఇయ్యాల్టి నుంచి బంద్ అక్కా" అన్నాడు. ఎంత తాగుతావని అడిగాను. "పొద్దున లేవంగనే ఒక తొంభై పడాలె. లేకపోతే చేతులు ఆడవు. మొత్తం మీద రోజుకు మూడు క్వార్టర్లు." మళ్ళీ మళ్ళీ చెప్పాను, పొద్దున లేస్తూనే తాగాల్సి వచ్చేవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లో మానకూడదు, ముందు ఆసుపత్రికి పోవాలి అని. అయ్యగారూ చెప్పారు, రేపే బండి పెడతామన్నారు. "ఇంకో నాలుగు రోజులు కళ్ళంలో పనుంది. ఇప్పుడు పోతే మళ్ళా నన్ను ఎవరు పిలుస్తరక్కా" అన్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను.

శుక్రవారం

పొద్దున్నే చెల్లితో డోర్నకల్ వెళ్ళి ఎపిఫనీ కెతీడ్రల్ చూశాను. ఫొటోల్లో చూసి వెళ్ళాను గానీ, ఎదురుగా నిలబడితే వేరు. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాల వరసలు గుడి మంటపాన్ని గుర్తుకు తెస్తాయి. పైన సిలువ. నిజాం రాజ్యంలోని ఒక చిన్న రైల్వే ఊళ్ళో, ఈ నేలమీది పద్ధతిలోనే దేవుడికి ఇల్లు కట్టాలని పట్టుబట్టిన మనిషి బిషప్ వి.ఎస్. అజరయ్య. 1939 జనవరి 6న దీన్ని ప్రతిష్ఠించారు.

ఆయన మనవాడు కాడు, తిరునెల్వేలి వైపు వెల్లాలన్‌విలై అనే ఊళ్ళో 1874లో పుట్టిన తమిళుడు. అక్కడి క్రైస్తవులే 1903లో సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. తెల్లదొరల డబ్బు లేకుండా, మన మనుషులే మన మనుషుల దగ్గరికి వెళ్ళాలన్నది వాళ్ళ పట్టుదల. పెట్టినవాళ్ళలో ఒకరైన అజరయ్య తానే 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్. 1945 జనవరి 1న ఆఖరి శ్వాస కూడా ఈ డోర్నకల్‌లోనే.

నేను ఇక్కడికి వచ్చిన పనికి సంబంధించింది ఒకటుంది. ఊళ్ళు తిరిగేటప్పుడు అజరయ్య నాలుగు దయ్యాల గురించి చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. పల్లె మనిషిని పట్టి పీడించేవి ఈ నాలుగే, వీటిని వెళ్ళగొట్టండి అనేవారు. ఇందులో గాలీ ధూళీ లేవు. మొదటిది చీపురుతో పోతుంది, రెండోది మందుతో, మూడోది లెక్కతో. నాలుగోది పోవాలంటే మనిషికి పదిమంది తోడు కావాలి. మా తమ్ముడి గదిలో దయ్యాన్ని వెతికినవాళ్ళకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చాలాసేపు ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. చెల్లి ఏమీ అడగలేదు.

ఆయన సంఘాల్లో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు, ఊరవతల ఉంచబడినవాళ్ళు. బాప్తిస్మం పొందేవాళ్ళ చేత ఎవరి చెయ్యి వాళ్ళ తలమీద పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. అక్షరం రాని కూలీకి కూడా, నువ్వు ఇంకొకడికి చెప్పగలవు అని నేర్పడం అది. నిన్న వసారాలో చూసిందీ అదే.

సాయంత్రం ఆరున్నరకు ఫోన్లు మొదలయ్యాయి. గురువారం ఒక్కరోజే కూటం. మిగిలిన ఆరు రోజులు ఒకరి తర్వాత ఒకరు గొలుసులా ఫోన్ చేసుకుంటారు. ఎత్తకపోతే రెండోసారి చేయరు, సైకిలో బండో తీసుకుని ఇంటికే వెళ్ళిపోతారు. నేను కొత్తాయన భార్యకు చేశాను. "పనికి పోయి వచ్చిండక్కా, చేతులు జర వణుకుతున్నయి, కూడు తినలే" అంది. ఇప్పుడైనా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

శనివారం

పొద్దున బైబిలు ఉమన్‌తో ఊరు తిరిగాను. అరవై దాటిన మనిషి, నా కంటే చురుగ్గా నడుస్తుంది. ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చేస్తుంది, కానీ ప్రార్థన కంటే ముందు పొయ్యి వైపు చూస్తుంది. పొయ్యి వెలగని ఇంట్లో ప్రార్థన చిన్నది చేసి, అమ్మగారికి, అంటే మా చెల్లికి, కబురు పెడుతుంది.

మన భాషలో ఒక సంగతి ఆ రోజు కొత్తగా తట్టింది. కళ్ళం దగ్గర ఒక రైతు "నిన్న మందు కొట్టినం" అన్నాడు. మిరపతోటకు పురుగుమందు కొట్టాడనుకున్నాను. పక్కనున్న కూలీ నవ్వి "రెండూ కొట్టినం" అన్నాడు. ఆసుపత్రిలో నేనిచ్చేదీ మందే, చేలో కొట్టేదీ మందే, సీసాలోదీ మందే. పురుగుమందు కొట్టిన సాయంత్రం కూలి డబ్బుల మీద ఒక క్వార్టర్ ఇవ్వడం చాలా చోట్ల మామూలైపోయిందట. ఒళ్ళంతా ఆ వాసన పట్టినవాడికి అది తాగితేగానీ నిద్ర పట్టదని ఇద్దరూ నమ్ముతారు. ఇలా అలవాటైనవాణ్ణి నిలబెట్టి నీతి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఊరి మొదట్లో గోడ మీద ఒక ప్రకటన కనబడింది: తాగేవారికి తెలియకుండా కూరలో కలిపి ఇవ్వండి, తాగుడు మానేస్తారు. ఒకామె ఆ మాట నిజమేనా అని నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే ఒళ్ళు మంటలెత్తి, వాంతులై, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పినట్టు వాడాల్సిన మందు. తెలియకుండా కూరలో కలిపితే, ఆ మనిషి ఎప్పటిలాగే మూడు క్వార్టర్లు తాగితే ప్రాణం పోవచ్చు. ఇక గోడ మీది పొట్లంలో ఏముందో ఎవరు చూశారు? దయచేసి కొనకండి.

మధ్యాహ్నం ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. రాత్రి బడికి వెళ్ళి నలభై ఏళ్ళ వయసులో సంతకం నేర్చుకున్న మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని విని, ఇక్కడ వీళ్ళూ సారా ప్యాకెట్ల సంచులు రోడ్డు మీద పోసి కాళ్ళతో తొక్కారట. చెబుతుంటే ఆమె పాదాలు కదిలాయి. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా రద్దయింది. 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఎత్తేశారు. "సారా పోయి సీసా వచ్చింది బిడ్డా. దుకాణం మూయించినం గానీ మా ఇంటాయన దాహం మూయించలేకపోయినం" అంది పెద్దమ్మ. ఆమె భర్త లివరు పాడై పోయాడు. కొడుకు 412 రోజుల మనిషి.

రాత్రి భోజనాలయ్యాక చెల్లి వంటింట్లో ఒక పని పెట్టుకుంది. మర్నాడు ప్రభువు బల్ల, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం. నల్ల ఎండుద్రాక్ష పొద్దున్నే నానబెట్టి ఉంచింది, ఉబ్బి చిన్న రేగుపళ్ళలా అయ్యాయి. వాటిని ఆ నీళ్ళలోనే సన్నని మంట మీద ఉడకబెట్టి, చల్లారాక చేత్తో పిసికి, తెల్లటి పలచని గుడ్డలో వేసి పిండింది. చిక్కగా, ముదురు ఎరుపు రసం దిగింది. గుడ్డ మడతలో మిగిలిన పిప్పిని కూడా రెండోసారి కొంచెం వేడినీళ్ళు పోసి పిండింది. రాత్రి పులవకుండా ఫ్రిజ్‌లో పెట్టింది. "ఒకప్పుడు వైన్ తెచ్చేవాళ్ళం అక్కా. ఒకాయన 200 రోజులు ఆగి, బల్ల దగ్గర చెంచాడు నాలుక మీద పడగానే ఆ సాయంత్రమే జారిపోయాడు. అప్పటినుంచి ఈయన నా చేత ఇది చేయిస్తున్నారు" అంది. నేను ముప్పై ఏళ్ళుగా బల్లలో పాలుపొందుతున్నాను. ఆ చిన్న గ్లాసు ఒక మనిషికి అంత బరువవుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

పదిన్నరకు ఫోన్ మోగింది. కొత్తాయన భార్య. మాట సరిగా రావడం లేదు.

నేనూ అయ్యగారూ పరుగెత్తాం. ఆయన గుమ్మంలో కూర్చుని రెండు చేతుల మీదినుంచి ఏదో దులుపుకుంటున్నాడు. "చీమలు, చీమలు" అంటున్నాడు. చీమల్లేవు. నుదురంతా చెమట, ఒళ్ళు కాలిపోతోంది, నాడి 130. భార్యను గుర్తుపట్టడం లేదు, ఎప్పుడో అమ్మేసిన ఎడ్లను పేరుపెట్టి పిలుస్తున్నాడు. తాగి 58 గంటలైంది. మా తమ్ముడు చివరి రాత్రి ఇలాగే ఉండి ఉంటాడు. నేను చూడలేదు. ఇప్పుడు చూశాను.

ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో "గాలి సోకింది, ముందు ప్రార్థన చెయ్యండయ్యగారూ" అన్నారు. ఆయన అప్పటికే 108కి ఫోన్ చేసి ఉన్నారు. "ప్రార్థన దారిలో చేసుకుందాం. ముందు ఈయన కాళ్ళకు చెప్పులు తొడగండి" అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. పదకొండేళ్ళ కింద మా తమ్ముడి పక్కన ఈ ఒక్క మాట అనే మనిషి లేకపోయాడు.

ఆదివారం

మహబూబాబాద్ ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి పన్నెండు దాటింది. డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి, చూడగానే పట్టేసింది. ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్, అంటే థయమిన్, ఆ తర్వాతే గ్లూకోజు. ఈ వరస ముఖ్యం. ఏళ్ళ తరబడి తాగినవాడి ఒంట్లో బి1 నిల్వ ఉండదు. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఆ మీద నరాల ఉద్రేకం తగ్గించే ఇంజెక్షన్లు. కుదుటపడ్డాక క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించుకుంటూ వస్తామంది.

తెల్లవారుజామున అతని భార్య అడిగింది, మానేస్తే బాగుపడాలి కదా, ఇట్లెందుకైంది అని. తాడు లాగుడు ఆట చెప్పాను. సారా ఒక పక్కనుంచి మెదడును కిందికి లాగుతుంటుంది. మెదడు పడిపోకుండా ఏళ్ళ తరబడి రెండో పక్కనుంచి బలంగా లాగుతూ ఉంటుంది. సారా పక్కవాళ్ళు ఒక్కసారిగా తాడు వదిలేస్తే ఇటువాళ్ళు వెల్లకిలా పడతారు కదా, అదే వణుకు, అదే ఫిట్స్, అవే చీమలు. అందుకే ఆసుపత్రిలో తాడును మెల్లగా వదులుతారు. మత్తుమందు కలిపే కల్తీకల్లుకూ ఇదే లెక్క. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు జనం ఇలాగే మతి తప్పి ఆసుపత్రులకు చేరారు. ఆమె అంతా విని, "అయితే మా ఆయనకు పిచ్చి కాదు" అంది. కాదన్నాను. అప్పుడు గోడకు తల ఆనించి నిద్రపోయింది.

అయ్యగారు తెల్లవారుజామునే ఆరాధనకు వెళ్ళిపోయారు. నేను ఆ ఆదివారం బల్ల తీసుకోలేదు, ఎండుద్రాక్ష రసం రుచి చూడలేదు.

మధ్యాహ్నం రెండింటికి 412 రోజుల మనిషి, 96 రోజుల మనిషి బండి మీద వచ్చారు. ఒక క్యారియరు, ఉతికిన చొక్కా, దువ్వెన తెచ్చారు. మంచం మీదాయన సెలైన్ పీకేసుకుంటున్నాడని రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టి ఉన్నాయి. 412 రోజుల మనిషి అది చూసి కాసేపు నిలబడ్డాడు. సిస్టర్‌ని అడిగి, సూది లేని వైపు కట్టు విప్పించి, స్టూలు లాక్కుని కూర్చుని ఆ చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చెయ్యి గుంజుకున్నప్పుడల్లా "నేనే అన్నా, నేనే" అంటున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా మిరప ఎరుపు ఉంది. రెండింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా నీళ్ళు తాగడానికి తప్ప ఆయన లేవలేదు. ఆరున్నరకు ఫోన్ మోగితే మోచేత్తో స్పీకరు నొక్కి "ఆసుపత్రిలో ఉన్న, మంచిగున్న, పెట్టెయ్" అన్నాడు.

సోమవారం

జ్వరం తగ్గింది. పొద్దున భార్యను పేరు పెట్టి పిలిచాడట. ఆ కబురు అందాకే నేను పడుకున్నాను.

సాయంత్రం బైబిలు ఉమన్ దగ్గర్లోని తండాకు తీసుకెళ్ళింది. ఒకప్పుడు నల్లబెల్లం, పటిక కలిపి ఊట పెట్టి గుడుంబా కాచి ఇద్దరు పిల్లల్ని చదివించిన లంబాడీ తల్లి ఇప్పుడు చిన్న కిరాణా నడుపుతోంది. ఈ తండా నుంచి ఇద్దరు గురువారం కూటానికి వస్తారు. వాళ్ళు సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేవాళ్ళు, పాట వచ్చినప్పుడు ఊరికే చేతులు జోడించి కూర్చుంటారు. వాళ్ళను బాప్తిస్మానికి ఎందుకు అడగరని అయ్యగారిని అడిగాను. "మునుగుతున్నవాడికి చెయ్యి ఇచ్చి, మా గుడికొస్తేనే ఒడ్డుకు లాగుతానంటే అది బేరం వదినగారూ. నా ప్రభువు బేరం పెట్టలేదు" అన్నారు. దీన్ని తప్పుపట్టేవాళ్ళు ఆయన సంఘంలోనే ఉన్నారు. నేను ఆయన పక్షం.

ఇంకో మాట కూడా అన్నారాయన. శ్రమదినాల్లో నలభై రోజులు, అయ్యప్ప మాలలో నలభై ఒక్క రోజులు, రంజాన్‌లో నెలరోజులు తాగకుండా ఉండేవాళ్ళు ఊరూరా ఉన్నారు. అంటే మానడం వాళ్ళకు చేతనవును. ఈస్టరు మర్నాడు, మాల తీసిన మర్నాడు తోడు ఎవరూ ఉండరు. అందుకే ఆయన ఈస్టరు సోమవారం సాయంత్రం ఆరున్నరకు ప్రత్యేకంగా కూటం పెడతారు, బిర్యానీ వండిస్తారు.

మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళి చూసి, మళ్ళీ ఊరికొచ్చి సర్దుకున్నాను. వసారా గోడ మీద నా చేత రెండు వరసలు రాయించారు: పొద్దున లేస్తూనే తాగేవారు ఇంట్లో ఒక్కసారిగా మానకండి, ముందు ఆసుపత్రి. దాని కింద మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, మత్తు మాన్పించే సహాయానికి 14446. వాక్యం రాసే నీలిరంగుతోనే రాశాను. అక్షరాలు కొంచెం వంకర పోయాయి, సంఘ పెద్ద పర్వాలేదన్నాడు.

గొలుసులో నన్ను కూడా కలిపారు. నాకు ముందు కొత్తాయన భార్య, నా తర్వాత "మళ్ళీ ఒకటి నుంచి" అన్న కుర్రాడు. వాడికి మా తమ్ముడి పోలికలేమీ లేవు. వాడికి ఇవాళ ఆరో రోజు.

డోర్నకల్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, చెల్లి మిరపకాయల మూట ఒకటి చేతిలో పెట్టింది. వరంగల్ చేరువలో బోగీలో లైట్లు వేశారు. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆరున్నరకు ఫోన్ మోగింది.

"అక్కా, పెరుగన్నం తిన్నడు. లేచి కూసున్నడు. బీడీ అడుగుతుండు, ఇయ్యమంటవా?"

వార్డులో వద్దమ్మా, బయటికి నడిపించుకుని వెళ్ళి, నువ్వు పక్కనే ఉండు అన్నాను. ఫోన్ పెట్టేసి, కుర్రాడి నంబరు నొక్కాను. మూడుసార్లు మోగింది. ఎత్తాడు.